కుదురైన పిల్లాడు

మేముండే ఊళ్ళో కదలకుండా ఉండే హక్కు చెట్లకు మాత్రమే ఉంది. మిగతావాళ్ళంతా కదలాలి. మంచు పడుతుంటే స్కీలు కట్టుకుని కదలాలి, కరిగాక సైకిలెక్కి కదలాలి. ముసలివాళ్ళు కూడా చేతిలో రెండు కర్రలు పట్టుకుని ఎవరో తరుముతున్నట్టు నడుస్తుంటారు. నేను సామర్లకోటవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో ఈ చలిదేశం వచ్చి పడ్డాను. ఇప్పుడిక్కడి పురపాలక సంఘంలో దుబాసీని. తెలుగువాళ్ళు ఆఫీసుకి వెళ్ళినా, ఆఫీసు తెలుగువాళ్ళింటికి వచ్చినా మధ్యలో నేను కూర్చుంటాను. విన్నది విన్నట్టు అటూ ఇటూ చేరవెయ్యడమే నా పని. సొంతంగా ఒక్క ముక్క కలపనని ప్రమాణం చేయించుకున్నారు. కలిపితే ఉద్యోగం ఊడుతుంది. ఈ కథలో నా మంచితనం ఎక్కడా కనబడకపోతే కారణం అదే.

కిందటేడు ఎవరో పెద్ద చదువులవాళ్ళు పరిశోధన చేసి, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ఇక్కడి పిల్లలకన్న తక్కువ గెంతుతున్నారనీ, తప్పు పిల్లలది కాదు తల్లిదండ్రులదనీ తేల్చారు. తేల్చి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోడానికి ఎవరూ జీతాలివ్వరు కదా. వెంటనే 'బాలల చలన మండలి' పుట్టింది. దానికో భవనం కట్టారు. భవనంలో లిఫ్టు పెట్టారు. లిఫ్టెక్కి పైకి వెళితే, మండలి అధ్యక్షుడు డాక్టర్ ఓస్టెన్ చక్రాల కుర్చీలాంటి మెత్తటి ఆఫీసు కుర్చీలో కూర్చుని, గదిలో ఏ మూలకి వెళ్ళాలన్నా అందులోనే దొర్లుకుంటూ వెళ్ళేవాడు.

మండలి పెట్టిన నియమం చాలా సులువు. వలస కుటుంబాల్లో పసిపిల్లల్ని ఇళ్ళకి వెళ్ళి చూస్తారు. కదిలే పిల్లకి పురపాలక శిశువిహారంలో చోటిస్తారు. కదలని పిల్లని 'నిశ్చల శిశువు' అంటారు. నిశ్చల శిశువుని చేర్చుకుంటే, వాణ్ణి చూసి మిగతా పిల్లలు కూడా చతికిలబడిపోతారని మండలి భయం. కాబట్టి వాణ్ణి ఇంట్లోనే ఉంచి, తల్లిదండ్రులే కదలడం నేర్పి తీసుకురావాలి. అందాకా ఆ తల్లి ఉద్యోగం ఎలా చేస్తుందని ఎవరో అడిగారట. అది ఉద్యోగాల మండలి చూసుకుంటుందని జవాబొచ్చింది.

మొదటి తనిఖీ నీలవేణి ఇంట్లోనే పడింది. ఆ అమ్మాయిది మండపేట. పళ్ళ డాక్టరు. ఇక్కడికొచ్చాక ఇక్కడి భాష నేర్చుకుని, చదివిన చదువే మళ్ళీ చదివి, రాసిన పరీక్షలే మళ్ళీ రాసి, ఎట్టకేలకి ఊళ్ళో ఒక దంతవైద్యశాలలో ఉద్యోగం తెచ్చుకుంది. మంచు కరిగాక చేరాలి. మూడేళ్ళ కొడుకు నందూకి శిశువిహారంలో చోటుంటేనే చేరడం. భర్త హరగోపాల్ కాగితం మిల్లులో షిఫ్టుల ఇంజనీరు. నీలవేణి తల్లి సుభద్రమ్మగారు మనవడి కోసం చుట్టపుచూపు వీసా మీద వచ్చారు. వేసవి ముగిసేసరికి ఆవిడ వెళ్ళిపోవాలి.

ఇంటికి ఆఫీసరు వస్తోందంటే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు తుడిచారు. సోఫా మీద కొత్త దుప్పటి పరిచారు. మైసూర్‌పాకు చేశారు. నందూకి తలంటి, పౌడరు రాసి, స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి, మంకీ క్యాపు తగిలించి సోఫా మధ్యలో కూర్చోబెట్టారు. లేవకుండా కూర్చుంటే చాకొలెట్టు ఇస్తామన్నారు. లేస్తే మాత్రం వచ్చేది పోలీసమ్మ అన్నారు. వాడు ఉత్సవ విగ్రహంలా కూర్చున్నాడు.

బ్రిట్టా అనే ఆఫీసరమ్మ ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మెడలో నల్లతాడుకి, పిల్లలు ఎంతసేపు కదిలారో కొలిచే గడియారం వేలాడుతోంది. గుమ్మంలో కాళ్ళు సాగదీసుకుని లోపలికొచ్చింది. నీలవేణికి ఇక్కడి భాష నాకన్న బాగా వచ్చు. అయినా వలస తల్లి తన మనసులో మాట తన భాషలోనే చెప్పాలని, దుబాసీ ద్వారానే చెప్పాలని నియమం.

"శిశువు యొక్క దైనందిన స్వచ్ఛంద చలనం గురించి తల్లి తన అభిప్రాయం వెల్లడించవలసింది" అంది బ్రిట్టా.

నీలవేణి మొహం వెలిగిపోయింది. "మావాడు బంగారం అండీ. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటాడు. అల్లరన్నదే తెలీదు. ఇంట్లో పిల్లాడున్నాడని పక్కవాళ్ళకి కూడా తెలీదంటే నమ్మండి."

నేను గతుక్కుమన్నాను. మన దేశంలో ఒక పిల్లాడికి ఇంతకన్న పెద్ద సర్టిఫికెట్టు లేదు. వాడు పెద్దవాడై పెళ్ళిచూపులకి వెళ్ళేదాకా పనికొచ్చే మాట అది. ఇక్కడ మాత్రం అది నేరం ఒప్పుకోవడం. "అమ్మా, కాస్త చూసుకుని..." అన్నాను.

"దుబాసీ సొంతంగా ఏదో అన్నట్టుందే?" అంది బ్రిట్టా.

నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. విన్నది విన్నట్టు చేరవేశాను.

కూతురు సరిగ్గా చెప్పుకోలేకపోతోందని సుభద్రమ్మగారు అందుకున్నారు. "మెట్లెక్కనివ్వమండి, పడితేనో? బయటికి తీసుకెళ్ళం, చలిగాలి కొడతాది. పరిగెడితే చెమట పడతాది, చెమట పడితే జలుబు చేస్తాది. ఇంక నేల మీదంటారా, కాలు కింద పెట్టనిస్తేగా! నేనొచ్చిన కాడ్నించీ నా చంక దిగలేదండీ, ఆయ్!"

బ్రిట్టా అప్పుడే ఒక మైసూర్‌పాకు ముక్క చేతిలోకి తీసుకుంది. ఆ మైసూర్‌పాకు ముక్కని అలాగే పళ్ళెంలో పెట్టేసి హరగోపాల్ వైపు తిరిగింది. "తండ్రి యొక్క ఆదర్శ పాత్ర?"

"కాలేజీలో క్రికెట్ టీములో ఉన్నానండీ" అన్నాడు హరగోపాల్ నిటారుగా కూర్చుని. ఆవిడ ఇంకా ఏదో ఆశగా చూసేసరికి అబద్ధం ఆడలేకపోయాడు. "స్కోరు రాసేవాణ్ణి."

బ్రిట్టా లేచి నిలబడి, జాతీయగీతం పాడే గొంతుతో ప్రకటించింది. "మండలి నియమాల మేరకు ఈ శిశువును నిశ్చల శిశువుగా, రెండవ తరగతిగా నిర్ణయించడమైనది."

"మరి మొదటి తరగతి అంటే ఎవరండీ?" అన్నాడు హరగోపాల్.

"కళ్ళు కూడా ఆర్పనివాళ్ళు. తల్లిదండ్రులు ఆదర్శ శిక్షణకు హాజరు కావలెను. తదుపరి మరొక అవకాశం. అప్పటికీ శిశువు చలించని పక్షంలో శిశువిహారంలో చోటు రద్దు."

"మరి నా ఉద్యోగం?" అంది నీలవేణి, ఇక్కడి భాషలోనే.

"దయచేసి దుబాసీ ద్వారా" అంది బ్రిట్టా.

ఆవిడ పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాక నీలవేణి నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "నేనేం తప్పు మాట్లాడానండీ మూర్తిగారూ? నా కొడుకుని పొగిడాను, అంతేగా? ఇన్నేళ్ళు పడ్డ పాటంతా ఆ ఒక్క మాటతో పోతుందా?" నందు అప్పటికీ లేవలేదు, చాకొలెట్టు కోసం చెయ్యి చాపి కూర్చునే ఉన్నాడు. నాకు చాలా బాధేసింది. కానీ కలపడానికి నా దగ్గర సొంతముక్క లేదు కనక మైసూర్‌పాకు ముక్క తీసుకున్నాను.

ఆదర్శ శిక్షణ అంటే ఇదీ. పిల్లలు పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటారని మండలి సిద్ధాంతం. కాబట్టి పెద్దవాళ్ళు గెంతాలి, పిల్లలు చూడాలి. ఊరి వ్యాయామశాలలో రకరకాల దేశాల అమ్మలూ నాన్నలూ పోగయ్యారు. గోడవారగా బెంచీల మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఏడవకుండా తలో బిస్కెట్టు పొట్లం ఇచ్చారు. హరగోపాల్ కప్పగంతులు వేశాడు. నీలవేణి తాడాట ఆడింది. నైట్‌షిఫ్టు దిగి వచ్చిన ఒక ఇథియోపియా నాన్న గోడకి చేరబడి గెంతుతూనే నిద్రపోయాడు. సుభద్రమ్మగారు పిల్లప్పుడు బడిలో తీసిన గుంజీళ్ళు మళ్ళీ తీశారు. "నేనేం తప్పు చేశానని తీయిస్తన్నారు మూర్తిబాబూ?" అని నన్నడిగారు. అది అనువదించాను. "ఇది శిక్ష కాదు, ప్రేరణ" అని సమాధానం వచ్చింది.

ఇంత జరుగుతున్నా పిల్లలెవరూ బెంచీ దిగలేదు. సొంత తండ్రి కప్పలా గెంతుతుంటే ఏ పిల్లాడు కదులుతాడు? నోట్లో బిస్కెట్టు మరిచిపోయి మరీ చూశారు. రోజుల తరబడి ఈ సంబరం సాగాక అమ్మానాన్నలంతా సన్నబడ్డారు, పిల్లలంతా కాస్త ఒళ్ళు చేశారు. డాక్టర్ ఓస్టెన్ కుర్చీతో సహా వచ్చి చూసి, "శిశువుల యందు అసాధారణ ఏకాగ్రత గోచరిస్తున్నది" అని సంతోషించి వెళ్ళాడు.

రెండో తనిఖీ నాటికి నీలవేణి ఇల్లంతా బంతులు పోసింది. స్వెట్టర్లు విప్పింది. "నాన్నా, పరిగెత్తు నాన్నా! ఎగురు నాన్నా!" అని బతిమాలింది. నందు సోఫా మధ్యలో కూర్చుని, ఈసారి కూడా చాకొలెట్టు ఇస్తారు కదా అన్నట్టు చూశాడు. బ్రిట్టా గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడింది. పొద్దెక్కుతోంది. నీలవేణి మొహంలో నెత్తురు చుక్క లేదు. హరగోపాల్ ఆఖరి ప్రయత్నంగా ఒక కప్పగంతు వేసి కాలు బెణికించుకున్నాడు.

మండలి సంగతి సుభద్రమ్మగారికి ఎంత ముఖ్యమో నాకు తెలియదు. పిల్లాడి అన్నం వేళ మాత్రం ఆవిడకి పెళ్ళి ముహూర్తంతో సమానం. ఆఫీసరుందని ఆగలేదు. పప్పన్నం మెత్తగా కలిపి, నెయ్యి వేసి, గిన్నెతో వంటింట్లోంచి బయటికొచ్చారు.

గిన్నె చూశాడో లేదో, నందు లేచాడు.

లేవడం కాదు, లేచిపోయాడు. సోఫా వీపు మీంచి దూకాడు. బల్ల కిందినుంచి దూరి, బ్రిట్టా కాళ్ళ సందునించి పోయి, కర్టెన్ పట్టుకుని ఉయ్యాలూగి, తలుపు తీసి ఉన్న పాపానికి వసారాలోకి, అక్కణ్ణించి మెట్లమీదికి ఉరికాడు. వెనకాల సుభద్రమ్మగారు, "ఒక్క ముద్ద! మా నాన్నవి కదూ! ఇదిగో కాకి ఎత్తుకుపోతాది! అదిగో బూచాడు!" అంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, మోకాళ్ళ నొప్పి ఊళ్ళో మరిచిపోయి వచ్చినట్టు పైకి పరిగెడుతున్నారు. వాడు పై అంతస్తుదాకా వెళ్ళి, బుగ్గలో ఒక ముద్దతో కిందికొచ్చి, దాన్ని మింగకుండానే మళ్ళీ పైకి పోయాడు.

నీలవేణి సిగ్గుతో తల దించుకుంది. "క్షమించండి మేడం. రోజూ రెండు పూటలా ఇంతేనండీ. తినడు. దయచేసి ఇది మాత్రం పైకి చెప్పకండి. పిల్లాడికి అన్నం తినడం కూడా నేర్పలేదని నవ్వుతారు."

బ్రిట్టాకి ఆ మాటలు వినబడినట్టు లేదు. గడియారం పట్టుకున్న చెయ్యి గుండెలమీద ఉంది. "వంశపారంపర్యమా?" అంది.

అడిగాను. "మా అమ్మ నా ఎనకాల తిరిగింది, నేను దీని ఎనకాల తిరిగాను" అన్నారు సుభద్రమ్మగారు, మెట్ల మీదినుంచి రొప్పుతూ.

నందూకి చోటొచ్చింది. నీలవేణి ఉద్యోగంలో చేరింది. తెల్లకోటు వేసుకున్న ఫోటో మండపేటకి పంపితే, వాళ్ళ వీధి వీధంతా చూసిందట. ఇక్కడితో ఆగితే మన కథ సుఖాంతం. కానీ ప్రభుత్వానికి మంచి ఆలోచన దొరికితే అది ఆగదు.

మండలి సమావేశమై, ఆ పరుగుకి 'తరాంతర భోజనానుగమన క్రీడ' అని పేరు పెట్టింది. డాక్టర్ ఓస్టెన్ ఉపన్యాసం ఇచ్చాడు. "వలసవచ్చిన తల్లిదండ్రులు శిశువులను కదలనివ్వరని మనం భ్రమపడ్డాము. వాస్తవానికి వారు శతాబ్దాలుగా శిశువులను తరుముచున్నారు. ఈ మహత్తర సంపదను మన శిశువులకు నిరాకరించుట వివక్ష కాగలదు." చప్పట్లు కొట్టారు. మర్నాటినుంచి అన్ని శిశువిహారాల్లోనూ మధ్యాహ్న భోజనం తరుముడు పద్ధతిలోనే జరగాలని ఆదేశం వచ్చింది.

ఈ దేశం పిల్లలు పుట్టిననాటినుంచీ కుర్చీలో కూర్చుని, ఫోర్కుతో గుచ్చుకుని తినే రకం. వాళ్ళకి తరిమితే పరిగెత్తాలని తెలియదు. పంతులమ్మ గిన్నెతో వస్తే బుద్ధిగా నోరు తెరిచి నిలబడ్డారు. "తినవద్దు, పారిపోండి!" అని నేర్పవలసి వచ్చింది. అది నేర్పడానికి సుభద్రమ్మగారిని గౌరవ సలహాదారుని చేశారు. చుట్టపుచూపు వీసా కనక జీతం లేదు, మెడలో రిబ్బను వేశారు. బూచాడి గురించి అడిగితే ఆవిడ చెప్పారు, కాకి గురించి చెప్పారు. బూచాడి ఎత్తెంత, వయసెంత అని కూడా అడిగారు.

"ఇంకా చందమామని చూపించాలండి. చందమామ లేకపోతే ముద్ద దిగదు" అన్నారావిడ.

అదొక చిక్కొచ్చి పడింది. ఇక్కడ ఎండాకాలంలో పొద్దు గుంకదు. చందమామ ఉన్నా కనబడడు. మండలి టెండర్లు పిలిచి, ప్రతి శిశువిహారం పెరట్లోనూ స్తంభం పాతి, పైన గుండ్రటి దీపం కట్టించింది. భగభగ ఎండ కాస్తుంటే ఆ దీపం కింద పంతులమ్మలు గిన్నెలు పట్టుకుని, రాని తెలుగులో "జాబిల్లీ రా, జాబిల్లీ రా" అంటూ పిల్లల్ని తరిమేవాళ్ళు. దారినపోయే తెలుగువాళ్ళు ఆగి, ఏడవాలో నవ్వాలో తెలియక ఫోటోలు తీసుకునేవాళ్ళు.

అప్పుడు భద్రతా శాఖవాళ్ళు మేలుకున్నారు. పరిగెత్తుతూ మింగితే గొంతుకడ్డం పడుతుందన్నారు. నిజమే. పరుగు ఆపడానికి వీల్లేదు, అది మండలి ఆదేశం. మింగడానికి వీల్లేదు, ఇది భద్రతా శాఖ ఆదేశం. రెండు శాఖలూ కూర్చుని రాజీపడ్డాయి. పరుగు ఉంటుంది, గిన్నె ఉంటుంది, గిన్నెలో అన్నం ఉండదు. శిశువుల తలలకి హెల్మెట్లు పెట్టారు. పంతులమ్మలకీ, పర్యవేక్షించే బ్రిట్టాకీ కూడా భోజనవిరామం తరుములాటలోనే గడిచిపోయేది. అన్నం ఎప్పుడు పెడతారని ఒక తల్లి అడిగితే, ఆహారం విషయం మండలి పరిధిలోకి రాదన్నారు.

దాంతో ఒక విచిత్రం జరిగింది. సాయంత్రం శిశువిహారం నుంచి ఇంటికి రాగానే నందు చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, పీట లాక్కుని కూర్చుని, "అమ్మమ్మా, అన్నం" అన్నాడు. సుభద్రమ్మగారు నమ్మలేదు. గిన్నెతో వచ్చి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డారు, వీడు ఎటు పారిపోతాడో అని. వాడు పారిపోలేదు. పప్పన్నం తిని, కూరన్నం తిని, పెరుగన్నం తిని, వేళ్ళు నాక్కున్నాడు. ఆ రాత్రే నీలవేణి నాకు ఫోన్ చేసింది. "మూర్తిగారూ, వాడు తిన్నాడండీ! తనంతట తనే! మళ్ళీ పెట్టమన్నాడండీ!" అంటూ ఏడ్చేసింది. తెల్లకోటు వేసుకున్న రోజున కూడా ఆ పిల్ల గొంతులో అంత సంతోషం నేను వినలేదు.

ఈ మంచి వార్త మాత్రం మండలికి చేరలేదు. వేసవి చివర చోటు కొనసాగింపుకి తనిఖీ ఉంటుంది. మామూలుగా ఏ వేళకో వచ్చే బ్రిట్టా, ఈసారి సరిగ్గా భోజనం వేళ చూసుకుని వచ్చింది. ఆ మహత్తర క్రీడ పుట్టిన ఇంట్లో కళ్ళారా మరోసారి చూడాలని ఆవిడ ఆశ. రెండు రోజుల్లో సుభద్రమ్మగారి ప్రయాణం. సామాన్ల పెట్టెలు గుమ్మంలోనే ఉన్నాయి. బ్రిట్టా ఆ పెట్టెల పక్కన నిలబడి గడియారం నొక్కింది.

నందు కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆవకాయన్నం తింటున్నాడు.

బ్రిట్టా చూసింది. ఇంకా చూసింది. "శిశువు కూర్చుని ఉన్నాడు" అంది నాతో, పాము కనబడినట్టు.

"తింటున్నాడండీ" అంది నీలవేణి మెల్లిగా.

"మండలి దృష్టిలో కూర్చుని ఉన్నాడు. ఇది తిరోగమనం. నిశ్చల శిశువు, రెండవ తరగతి." గొంతు తగ్గించి, ఎప్పుడూ లేనంత మనిషిలా అంది. "నాకూ ఇష్టం లేదు. మీరా కంచం తీసి పట్టుకోండి. వాడు మీ వెనకాల పరిగెత్తుతాడు. నేను రాసుకుని వెళ్ళిపోతాను. మీ ఉద్యోగం మీకుంటుంది."

నేను అనువదించాను. అక్కర్లేదు, నీలవేణికి అర్థమైంది. కొడుకు వైపు చూసింది. వాడు ముక్కు కారుతుంటే ఎగబీలుస్తూ, కారానికి ఊదుకుంటూ, ఒక్క మెతుకు వదలకుండా తింటున్నాడు. నీలవేణి చెయ్యి కంచం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"తింటున్నవాడి ముందు కంచం తియ్యలేనండీ. చోటు పోతే పోనీండి" అంది.

"ఏటంటది ఆవిడ?" అన్నారు సుభద్రమ్మగారు. చెప్పాను. ఆవిడ బ్రిట్టాని పైనించి కిందిదాకా చూశారు. "పిల్ల మొహం చూడు, ఎంత పీక్కుపోయిందో. తిండి లేక మతి పోయినట్టుంది. కూర్చోమని చెప్పు బాబూ."

బ్రిట్టా వద్దంది. వేసవంతా ఖాళీ గిన్నె పట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. ఆవకాయ వాసన ఆవిడ నియమాలకన్న గట్టిది. ఎప్పుడు కూర్చుందో, కంచం ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. నందు పక్కనే కూర్చుని, వాడెలా కలుపుతుంటే అలా కలుపుకుని తింటోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కారానికే అనుకుంటాను. మెడలో గడియారం తన మానాన తను నడుస్తోంది. దాన్ని ఆపడం ఆవిడ మరిచిపోయింది.

చివరికి రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టి, శిశువిహారంలో విని విని నేర్చుకున్న తెలుగుమాట ఒకటి అంది. "వద్దు."

మారు అన్నం పడింది. మీద పప్పు పడింది.

"వద్దు, వద్దు!" అంటూ బ్రిట్టా లేచింది. సుభద్రమ్మగారు గరిటెతో లేచారు. "ఒక్క ముద్ద! పెరుగన్నం తినకుండా ఎళ్తారేటండీ, కడుపులో మంటెట్టేస్తాది!" బ్రిట్టా బల్లకి అటు వెళ్ళింది. గరిటె అటు వెళ్ళింది. బ్రిట్టా పెట్టెల మీంచి దూకి గుమ్మం దాటింది. సుభద్రమ్మగారు మరో చేత్తో పెరుగ్గిన్నె అందుకుని వెంటపడ్డారు. ఇలాంటి చోద్యం జన్మలో చూడని నందు కెవ్వున నవ్వి, ఆవకాయ చేత్తోనే లేచి, "పట్టుకో అమ్మమ్మా, పట్టుకో!" అని అరుస్తూ వాళ్ళిద్దరి వెనకాలా మెట్లెంట దూసుకుపోయాడు.

నీలవేణి, నేను కిటికీలోంచి చూశాం. ముందు మండలి, వెనకాల గరిటె, దాని వెనకాల నిశ్చల శిశువు. ఇంటి ముందున్న మంచు లేని మైదానం చుట్టూ అలా తిరుగుతూనే ఉన్నారు. గడియారం మాత్రం నియమం ప్రకారం శిశువు చలనాన్ని లెక్కిస్తూనే ఉంది. ఆ లెక్క మీదే నందు చోటు నిలిచింది, మర్నాడు పొద్దున్న నీలవేణి తెల్లకోటు వేసుకుని పనికి వెళ్ళింది.

ఆ పరుగులో ఉండగానే దూరంనించి బ్రిట్టా నా పేరు పెట్టి పిలుస్తూ, "ఆమెకు అనువదించండి! వద్దంటే వద్దని అర్థమని చెప్పండి!" అని కేకేసింది.

నా ఉద్యోగం మొత్తంలో నేను చెప్పకుండా వదిలేసిన మాట అదొక్కటే. మా వైపు వద్దంటే ఇంకొక గరిటె అని అర్థం. అది ఇప్పుడు మార్చడానికి నేనెవణ్ణి?